నేరేడుపండ్ల గంపతో ఇంగ్లీషు

"తాతా, అత్త ఇంగ్లీషు పరీక్ష కోసమని నువ్వు పుట్టపర్తిలో నేరేడుపండ్లు అమ్మించినావంట కదా, నిజమేనా?"

ఎవురు చెప్పినారు నీకు? మీ అవ్వేనా? ఆమె చెప్పింటే సగం తిట్లే చెప్పింటాది. అమ్మించినా. నేనే అమ్మించినా. రా, ఈ మంచం మీద కూర్చో. ఆ పక్క వద్దు, నులక తెగిండాది. నువ్వూ ఆ పరీక్షకే కదా తయారవతాండేది? అది కాదా? ఏదో ఒకటి, ఇంగ్లీషే కదా. విను అయితే.

అప్పటికి మీ నాయనకు పెండ్లి కాలేదు. రెండువేలు దాటిన కొత్త, మంచి కరువు. మీ అత్త సుజాత గోరంట్లలో ఇంటరు ముగించె. తెలుగు మీడియం. మార్కులు బాగానే వచ్చె. నర్సు కావల్లని దాని పట్టు. బెంగళూరులో ఒక కాలేజీ, పేరెందుకులే ఇప్పుడు, ఆడ సీటు ఇస్తామనిరి. అయితే తెలుగు మీడియం పిల్లోళ్ళకు ముందు ఇంగ్లీషు పరీక్ష పెడతారంట. రాసేది ఒకటి, ఎదురుగా కూర్చోని మాట్లాడేది ఒకటి. రెండూ పాసయితేనే సీటు. రాసేదాంట్లో అది పాసాయ. బాగా పాసాయ. మాట్లాడేదాంట్లో ఒక్క మాట గుడక రాలేదు దానికి. బయటికి వచ్చి, "అంతా తెలుసు నాయనా, గొంతు దాటి రాలేదు" అనె. హిందూపురం దాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తా వచ్చె.

కాలేజోళ్ళు మంచోళ్ళే. శ్రావణంలో మల్లా పెడతాము, ఇంకోసారి రాండి అనిరి. అదే ఆఖరు. ఆపైన సీటు ఇంకొకరికి పోతాది. సీటు పోతే ఏమవుతాది అనుకున్నావు? మీ అవ్వ తమ్ముని కొడుకు కాచుకోనుండె. కదిరిలో ఎరువుల అంగడి. పిల్లోడు మంచోడేలే, చెడ్డోడని చెప్పను. మీ అవ్వకు అదే ఇష్టము. "ఒకసారి తప్పింది, చాల్లే, ముహూర్తం పెట్టుకుందాం" అనె. సుజాత పరక తీసుకోని వాకిలి ఊడ్చేకి పాయ. అప్పటికే ఊడ్చిన వాకిలి అది. ఏడ్చింటే నేను ఊరుకుందునేమో. ఊడ్చిందే మల్లా ఊడుస్తాంటే చూస్తా ఉండలేకపోతి.

నాకు మొండోడని పేరు కదా, ఊరికే రాలేదులే ఆ పేరు. చిన్నప్పుడు నేను బడికి పోలే, గొర్ల ఎనకాల పోయినా. నలభై దాటినంక మా ఊళ్ళో రాత్రి బడి పెట్టిరి, లాంతరు ఎలుగులో. మా అన్న, అదే మీ పెద్దతాత, అరుగు మీద కూర్చోని, "ఏమప్పా, మీసాలు నెరిసినంక పలక పట్టుకుంటివే" అని ఎగతాళి చేస్తాండె. నేను మానలే. ఆ బడిలో చెప్పే అయ్యవారు మా ఊరి సాయిబుల పిల్లోడే, పగలు సైకిల్ అంగడి పెట్టుకోనుండె. ఆయప్ప, "తప్పో ఒప్పో, గట్టిగా చదువు మామా, మనసులో చదివితే నాకెట్ల తెలుస్తాది" అంటాండె. నేను గట్టిగా చదివితే వీధంతా నవ్వె. నవ్వనీ. బస్సు బోర్డు చదువుకోని ఎక్కడం నేర్చుకుంటి కదా. అప్పట్లో గోరంట్లకు బస్సు చార్జీ... ఏం చెప్తాంటి? ఆ, సుజాత సంగతి.

నేను ఆలోచన చేస్తి. దీనికి రాక కాదు, నోరు తెరవక. తెరిపించల్ల. ఎవురితో? మా ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడేవోళ్ళు ఎవురుండారు? ఇంగ్లీషు అయ్యవారే పాఠం తెలుగులో చెప్పె. అప్పుడు తట్టె నాకు, పుట్టపర్తి. ఆడ ఆశ్రమానికి వచ్చిన తెల్లోళ్ళు వీధులెంబడి తిరుగుతా ఉంటారు. తెల్లోళ్ళంటే ఇంగ్లీషే కదా. నవ్వద్దు నువ్వు. ఆ కాలంలో మా పల్లెలో ఎవుర్నడిగినా అట్లే చెప్తాండ్రి.

ఊరికే పోయి మాట్లాడితే ఎవురు మాట్లాడతారు? పిచ్చోళ్ళు అనుకుంటారు. మన చేను గట్టు మీద రెండు నేరేడు చెట్లుండె. ఇప్పుడు ఒకటే ఉండాదిలే, ఇంకోదాన్ని బోరు లారీకి దోవ కావల్లని కొట్టేస్తిమి. నీళ్ళూ పడలే, చెట్టూ పాయ. ఆ యేడు వాన లేకున్నా చెట్లు మాత్రం విరగ కాసె. గంప పెట్టుకోని కూర్చుంటే వాళ్ళే వచ్చి పలకరిస్తారు, పాప జవాబు చెప్పక తప్పదు. అదీ నా లెక్క.

ఇల్లు ఇల్లంతా నా మీదికి లేచె. మా అన్న వచ్చి, "ఏమప్పా, ఇంత భూమి ఉండే ఆసామివి, వయసొచ్చిన బిడ్డను గంప ముందర కూర్చోబెడతావా? నలుగురిలో మేము తల ఎట్ల ఎత్తుకోవల్ల?" అనె.

"దినమూ వాన కోసం మొగులుకేసి తల ఎత్తే కదన్నా ఉండాము. అలవాటైన పనే" అంటి.

ఆయప్ప తువ్వాలు దులుపుకోని పాయ. మీ అవ్వ అయితే నాతో మాటే మానేసె. సంకటి తట్ట నా ముందర ఠక్కుమని పెట్టి పోతాండె. ఆ తట్ట సొట్ట ఇప్పటికీ ఉండాది, కావాలంటే చూడుపో.

మొదటి దినం పొద్దున బస్సుకే పోయి, ఒక సందు మొదట్లో గంప దించుకుంటిమి. ఆకు దొప్ప నిండా ఐదు రూపాయలు. పొడుగాటి తెల్లాయప్ప ఒకడు, తెల్ల పంచ కట్టుకోని వచ్చె. సుజాత, "గుడ్ మార్నింగ్ సార్, హౌ మచ్ యూ వాంట్?" అనె. ఆయప్ప వంగి పండ్లు చూసి, "ఎంత?" అనె. తెలుగులోనే. సుజాత నోరు తెరుచుకోని నా పక్క చూసె. "ఐదు" అంటి. "ఎక్కువ. వద్దు" అని ఎల్లిపాయ. ఆడుండే వాళ్ళంతా అట్లే, బేరం దాకా తెలుగు నేర్చుకోనుండ్రి. సాయంత్రానికి గంప ఖాళీ ఆయ, ఇంగ్లీషు మాత్రం ముందుకు పోలే.

ఆ వారంలోనే వచ్చె లూసమ్మ. ఆమె పేరు లూచియా, నాకు నోరు తిరగక లూసమ్మ అంటాంటి. నెరిసిన తల, గోడ పట్టుకోని, మోకాలు తడుముకుంటా నడుస్తాండె. దొప్ప అంతా ఆడనే నిలబడి తిని, నాలుక చాపి సుజాతకు చూపించె, ఎంత నీలమాయెనో చూడమని. సుజాత నవ్వె. పరీక్ష తప్పినంక అది నవ్వడం అదే మొదలు. నవ్విన ధైర్యంతో ఇంగ్లీషులో ఏదో అడిగె. ఆమె తల అడ్డంగా ఊపి, "నో ఇంగ్లీష్. లిటిల్. ఇటాలియా" అనె.

సుజాత నా పక్క తిరిగి, "ఈమెకూ రాదు నాయనా" అనె.

"తెల్లామెకు ఇంగ్లీషు రాకపోవడమేంది మ్మే, సరిగ్గా అడుగు."

"వాళ్ళ దేశంలో వేరే బాస నాయనా."

"ఇట్లాంటి దేశాలు ఎన్ని ఉండాయి?"

"శానా ఉండాయి."

"ముందే చెప్పల్ల కదా."

"నువ్వు చెప్పనిస్తివా?" అనె.

ఇంక గంప ఎత్తేద్దామని నేననుకుంటాంటే, మరుసటి దినం ఆమె ఒక ఇంగ్లీషు పాఠాల పుస్తకం చంకలో పెట్టుకోని, చిన్న పీట తెచ్చుకోని మా పక్కన కూర్చునె. ఆమెకూ గతి లేదు పాపం. మోకాలి నొప్పి. డాక్టరుకు చెప్పుకోవల్లంటే ఇంగ్లీషు కావల్ల. ఆమె బాస తెలిసినోళ్ళు ఆ సందులో ఎవురూ లేరు. అప్పట్నుంచి దినమూ వచ్చె. ఇద్దరికీ రాదు, ఇంక ఒకరి ముందర ఒకరికి సిగ్గేముండాది? నొప్పి ఎప్పట్నుంచి, మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, ఇట్ల సుజాత అడిగేది, ఆమె చెప్పేది. మాట దొరక్కపోతే ఇంకో దోవలో తిప్పి చెప్పేవోళ్ళు. నాకేం తెలుస్తాది, ఈగలు తోలుకుంటా వింటాంటి. ఒక్కోసారి ఇద్దరూ ఏమీ అర్థం కాక కడుపు పట్టుకోని నవ్వుతాండ్రి. పండ్లు కొనేకి వచ్చినోళ్ళకు నేనే దొప్పలు కట్టిస్తాంటి. మా అన్న చూసింటే ఏమనునో.

ఒకనాడు డాక్టరు దగ్గరికి తోడు రమ్మని సుజాతను పిలిచె. నేనూ పోతి. డాక్టరు మన తెలుగాయనే, అయినా నోరు తెరిస్తే ఇంగ్లీషు, గడగడా. లూసమ్మ బిత్తరపోయి చూస్తాండాది. ఆయన మోకాలు వంచి చూసి, చీటీ రాస్తా రాస్తా మందు పేరు పైకి అనె. అంతే, సుజాత లేచి నిలబడి, "నో సార్" అనె. ఆయన రాసేది ఆపె. ఆ మందు పడక లూసమ్మకు వాళ్ళ ఊళ్ళో ఒళ్ళంతా దద్దులు లేచి, ఊపిరాడక ఆసుపత్రిలో పడిందంట. గంప దగ్గర చెప్పిందంట సుజాతకు. అదంతా ఇది ఇంగ్లీషులో చెప్తాండాది, ఆయన ఏదో అడుగుతాండాడు, ఇది లూసమ్మ పక్క తిరిగి అడిగి, మల్లా ఆయనకు చెప్తాండాది. ఆయన ఆ చీటీ చించేసి వేరే రాసె. "మంచి పని చేసినావమ్మా" అని అప్పుడు తెలుగులో అనె.

బయటికి వచ్చినంక అంటి, "ఏమ్మే, డాక్టరునే నిలబెడితివే."

"నేను ఇంగ్లీషులోనే చెప్పినానా నాయనా?"

"తెలుగయితే నాకు అర్థమయ్యేది కదా" అంటి.

శ్రావణం వచ్చె. బెంగళూరికి ఒకనాడు ముందే పోయి, మీ అవ్వ చెల్లెలింట్లో దిగితిమి. పరీక్ష దినం నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టిరి. అద్దాల తలుపు, మనుషులు కనపడతారు, మాట వినపడదు. వినపడితే మాత్రం నాకేం తెలుస్తాది. లోపల ఒక మేడం, ఒక సారు. మేడం ఏదో అడిగె. సుజాత తల వంచుకోనుండె. మల్లా అడిగె. తల ఎత్తలే. నాకు కూర్చోబుద్ధి కాక లేచి అద్దం దగ్గరికి పోతి. కాపలా ఆయప్ప "కూత్కొళ్ళి అజ్జా" అని కన్నడంలో కూర్చోమంటాండాడు. నాకు వినపడితే కదా.

అప్పుడు దాని చెయ్యి లేచె. లూసమ్మ సంగతి ఒకటి నీకు చెప్పలే నేను. ఆమెకు చేతులు కట్టేస్తే మాట రాదు. ఐదు వేళ్ళూ ఒకచోటికి ముడిచి, ఎదుటోళ్ళ మొగం ముందర ఊపుతా మాట్లాడేది, కొట్లాటకు వచ్చినట్లు. మీ అత్త అచ్చం అట్లే, ఐదు వేళ్ళూ ముడిచి ఆ మేడం మొగం ముందర ఊపుతాండాది. సారు ఎనక్కి జరిగి కూర్చునె. మేడం నవ్వుతాండె. నేను వచ్చి బల్ల మీద కూర్చుంటి.

అది బయటికి వస్తానే, "ఏమడిగిరి?" అంటి.

"కడాకు, ఇంగ్లీషు ఎవురు నేర్పినారని అడిగిరి నాయనా."

"ఏం చెప్పితివి?"

"ఒకామె నేర్పింది, ఆమెకూ రాదు అని చెప్పినా" అనె.

సాయంత్రానికి పేర్లు అంటించిరి. నేనే చదివినా దాని పేరు. ఇంగ్లీషులో ఉండె, అయినా ఆ ఒక్క పేరు నాకు తెలుసు, పుస్తకాల అట్టల మీద చూసి చూసి.

మరుసటి దినమే ఇంటికి గుడక పోకుండా, హిందూపురంలో దిగి నేరుగా పుట్టపర్తి బస్సు ఎక్కితిమి. లూసమ్మ ఉండే రూముకు పోతే తలుపుకు బీగం. ఇంటామె చెప్పె, వాళ్ళక్కకు బాగలేదని ఫోన్ వస్తే రాత్రికి రాత్రి దేశానికి పోయిందంట. పోయే ముందు మీరు వస్తారేమోనని సందు మొదటిదాకా పోయి నిలబడి వచ్చిందంట. ఆ వాకిట్లో కాసేపు కూర్చుంటిమి. సుజాత, "నేను పాసయింది ఆమెకు తెలీదు కదా నాయనా" అనె. మల్లా ఎప్పుడూ రాలేదు ఆమె. ఉండాదో లేదో కూడా తెలీదు.

మీ అత్త ఇప్పుడు పెద్ద నర్సు, కింద ఎంతమందో పని చేస్తారు. మీ అవ్వ ఆ కదిరి పిల్లోని సంగతి ఎప్పుడూ ఎత్తదు. అంతా బాగానే ఉండాది. నాకే, ఒక్కోసారి, నేరేడు కాలం వస్తే... సరేలే.

నీ పరీక్ష ఎప్పుడు? వచ్చే నెలనా? పోయి రా తల్లీ. తప్పుతాది అనుకోవద్దు, తప్పినా ఇంకోసారి ఉంటాది. పాసయినట్లు తెలిస్తే మీ నాయనకు తర్వాత చెప్పు, మీ అవ్వకు తర్వాత చెప్పు. ముందు నాకు ఫోన్ చెయ్యి. నేనుండంగానే చెయ్యి. సల్లగా ఉండు, పో... ఆ లైటు ఆర్పద్దు, ఉండనీ, రొంచేపు మేలుకోనుంటా.