గులాబీ రంగు హెల్మెట్

ఒహాయోలో ఒక ఇంటి కారుషెడ్డు. అతను కారు వెనకసీటు ఊడదీస్తుంటే భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ ఇనప గొట్టాలెందుకు?"

"కారు పల్టీ కొట్టినా నా తల పగలకుండా. పావు మైలు పదకొండున్నర సెకన్లలోపే కొట్టేశావు, ఇంత స్పీడుకి ఇవి బిగించకుండా మళ్ళీ రావద్దని రేసు ట్రాకువాళ్ళు శనివారం పంపించేశారు."

"మరి మన పాప కోరా ఎక్కడ కూర్చోవాలి?"

"ముందు, నా పక్కన."

"దాని తల వెనకే గొట్టముంటుందిగా! శనివారం నిన్ను కాపాడేదే, సోమవారం బడికెళ్ళే దారిలో ఎవడైనా గుద్దితే దాని తల పగలగొట్టదూ?"

"హెల్మెట్ పెట్టుకుంటే ఏం కాదు."

"బడికా? రెండో క్లాసు పిల్లా?"

అతను బల్ల కింద నుంచి చిన్న పెట్టె లాగాడు.

"గులాబీ రంగుదే కావాలంది. నీకు చెప్పనని ఒట్టు కూడా వేసింది."