పేరు దాచలేని దేశం

రెండు వేల నాలుగో సంవత్సరం జులై ఒకటో తేదీన, పదహారేళ్ల విలేఖరి జీవితానికి స్వస్తి చెప్పి, ఆవిడ మా జర్నలిజం శాఖలో అధ్యాపకురాలిగా చేరారు. పత్రికల నుంచి వచ్చినవారు ఏడాది తిరక్కుండానే, ఇక్కడ ఊపిరాడటం లేదంటూ వెనక్కి వెళ్లిపోవడం మాకు అలవాటు. ఆవిడా అంతేననుకున్నాం. ఇన్నేళ్ల తరువాత, ఈ నెలాఖరున, ఓపిక తగ్గినందువల్ల కాక వయసు నిబంధన ఒప్పుకోనందువల్ల మాత్రమే ఆవిడ మా నుంచి సెలవు తీసుకుంటున్నారు.

పత్రికలో ఉండగా ఆవిడ ఓడరేవు వార్తలు రాసేవారు. పటంలో ఆవగింజంత కూడా కనిపించని దేశాల నావికులు అక్కడ తారసపడేవారట. సైన్యమూ సంపదా లేని చిన్న ద్వీప దేశం తన గోడు ప్రపంచానికి ఎలా వినిపించుకుంటుంది, పరాయి దేశపు ప్రభుత్వాన్నే కాక ప్రజలను కూడా ఎలా ఆకట్టుకుంటుంది అన్న ప్రశ్న అక్కడే మొదలై, ఇక్కడ ‘ప్రజా దౌత్యం’ అనే పరిశోధనగా ఎదిగింది. మేము మాత్రం ఆవిడకు ‘దీవులమ్మ’ అని పేరు పెట్టి ఊరుకున్నాం. ఆ దేశాల కంటే మా అపార్ట్‌మెంట్లలోనే జనం ఎక్కువని ఒక సహోద్యోగి ఆట పట్టిస్తే, “అయితే మీ అపార్ట్‌మెంట్‌కి ఐక్యరాజ్యసమితిలో ఓటుందేమో కనుక్కుని చెప్పండి” అన్నారు.

దీవుల మీద ఇంత పని చేసిన ఆవిడకు పడవ పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పుతుంది. సముద్రానికి, తన భార్యకు జాతకాలు కలవలేదని వారి శ్రీవారు అంటూంటారు. తొలిసారి అలాంటి ఒక దేశంలో ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్తూ దారి పొడుగునా వాంతులు చేసుకుంటుంటే, పక్కన కూర్చుని బకెట్ పట్టుకున్నది ఆ దేశపు విదేశాంగ శాఖ అధికారిణి. ఆ శాఖ మొత్తం ఐదుగురే. మంత్రి ప్రసంగం రాసేదీ, విమానాశ్రయానికి వచ్చి అతిథి పెట్టె అందుకునేదీ, పడవ ఎక్కించేదీ ఆ అధికారిణే. బకెట్ దగ్గర కుదిరిన స్నేహానికి మర్యాదల అడ్డు ఉండదు కదా. తిరుగు ప్రయాణానికి ముందు ఆ అధికారిణి మనసు విప్పారు. తమకు స్టేడియం కట్టించి ఇచ్చిన పెద్ద దేశంవారే కొన్నాళ్లుగా తమ మంత్రి ప్రసంగాలు కూడా రాసి పంపుతున్నారని చెప్పారు. రాసుకోవచ్చు గానీ తన పేరు మాత్రం వద్దన్నారు.

ఆ మాటే ఆవిడ వ్యాసానికి ప్రాణమయింది. పేరున్న పరిశోధన పత్రిక దాన్ని అంగీకరించింది. ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ ఆ నెలాఖరునే. ఆ వ్యాసం అచ్చయితే పదవి ఆవిడదేనని అందరికీ తెలుసు. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దుతూ, నా ఎదుటి కుర్చీలోనే, ఆవిడ ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు. విలేఖరి అలవాటు కొద్దీ ‘పేరు వెల్లడించడానికి ఇష్టపడని ఒక సీనియర్ అధికారిణి’ అని అందులో రాసుకున్నారు. దాని కింద గీత గీసి, వ్యాసం వెనక్కి తీసుకుంటానన్నారు. విభాగాధిపతి పరుగున వచ్చారు.

“పేరు రాయలేదు కదమ్మా, ఇంకా భయం దేనికి?”

“ముగ్గురున్న ఇంట్లో ఎవరో పాలు పొంగబెట్టారంటే మా అత్తగారు నా వంకే చూస్తారండీ. ఆ ఆఫీసులో ఉన్నదే ఐదుగురు. అందులో ఆడమనిషి ఒక్కతే.”

“పోనీ, ఆడో మగో తెలియకుండా రాయండి.”

“అప్పుడు మిగతా నలుగురి ఉద్యోగాలకూ ఎసరు.”

“ఆ ముక్క తీసేసి పంపండి మరి.”

“అది తీసేస్తే మిగిలేది ఉపోద్ఘాతమేనండీ.”

వ్యాసం వెనక్కి వచ్చింది. పదవి ఇంకొకరికి వెళ్లింది. ఆ సాయంత్రం ఆవిడను ఒంటరిగా పంపలేక నేనూ వారింటికి వెళ్లాను. సంగతి విన్న అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతూనే, “ప్రొఫెసరువైతే రేపట్నించి వంట తప్పేదా? తప్పదుగా. ఇలా వచ్చి ఈ ఈనెలు తీయి” అన్నారు. ఆవిడ ముందు నవ్వారు, తరువాత కళ్లు తుడుచుకున్నారు, ఆ తరువాత ఈనెలు తీశారు.

అటుపైన ఆవిడ రెండు పుస్తకాలు రాశారు, ఎందరో విలేఖరులను తీర్చిదిద్దారు. మాట ఇచ్చిన మనిషిని కాపాడటం వార్త రాయడంలో సగం పని అని వారికి నేర్పారు. ఆ తరువాతి ఇంటర్వ్యూలలో మాత్రం ఆ వ్యాసం లేని ఖాళీ పూడలేదు. ఆవిడ అసోసియేట్ ప్రొఫెసర్‌గానే పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన సంచికలో ఆ మాట రాయవచ్చా అని నేను అడిగితే, “ఉన్నదే కదా, రాయి” అన్నారు.

పోయిన నెల ఆ అధికారిణి ఫోన్ చేశారు. “మీ వ్యాసం వస్తుందేమోనని ఏడాది పాటు భయం భయంగా వెతికాను. నా కోసమే ఆపేశారని తరువాత అర్థమయింది. నేనిప్పుడు ఉద్యోగం మానేశానండీ. నా పేరు పెట్టే రాయండి” అన్నారట. ఈసారి పుస్తకమే రాస్తానని, అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి వాక్యం చదివి వినిపిస్తానని మా దీవులమ్మ మాట ఇచ్చారు.

ఇంటర్వ్యూ తేదీ తరమని ఈ తీరిక కాలంలో ఆ పుస్తకం నిదానంగా సాగాలి. అందుకు కావలసిన కంటిచూపు, నడుము బలం, పడవ ఎక్కగల ఆరోగ్యం ఆవిడకు సమృద్ధిగా ఉండాలి. ఆ పుస్తకం మా చేతికి వచ్చాక, మరో పుస్తకం మొదలుపెట్టేటంత దీర్ఘాయుష్షుతో, శ్రీవారితో, అత్తగారితో, పిల్లాపాపలతో ఆవిడ నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మా శాఖ యావత్తూ మనసారా కోరుకుంటోంది.