చనిపోతున్న రాజుగారు ఏమన్నారంటే

“తాతా, మీ డాడీ సైలెంట్ మూవీస్‌లో అన్నీ కింగ్ రోల్సే చేసేవారంట కదా? రాజుల్ని గ్లోరిఫై చేయడం ప్రాపగాండా కాదా?”

రికార్డ్ అవుతోందా? సరే. రాజుల్ని తర్వాత కూలుద్దువుగాని, ముందు ఆ హీటర్ కాస్త పెంచవే తల్లీ. ఈ అమెరికాలో, మీ నోవై ఊరి మంచుకి నా మోకాళ్లు... ఆఁ, నాన్న. చరిత్రలో ఓడిపోయిన రాజెవరున్నా ఆ వేషం నాన్నదే. “మీ నాన్న గెలిచిన యుద్ధం ఒక్కటీ లేదురా” అని మా బాబాయి ఒకటే వెక్కిరింత.

మూకీలు కదా, పెదాలు కదిపితే చాలు. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. మద్రాసులో నేల టికెట్టు అణా. కాదు కాదు, అణాన్నర.

ఒక సినిమాలో రాజు యుద్ధంలో దెబ్బతిని రాణి ఒళ్లో చచ్చిపోతాడు. కథ చెప్పే ఆయన గొంతు వణికిస్తూ “నా ప్రజలు జాగ్రత్త!” అంటాడు. సరిగ్గా అప్పుడే నేల మీంచి ఒకమ్మాయి పకపకా నవ్వేది. ఆ పిల్ల నవ్విందని హాలంతా నవ్వు. రోజూ ఇదే! కంపెనీ ఓనరు పిలిచి, “నీ చావు చూసి జనం నవ్వుతున్నారయ్యా, ఇంకో సినిమా ఇలాగైతే నీకు వేషాల్లేవు” అన్నాడు.

నాన్న మర్నాడు వెళ్లి నేల మీదే కూర్చున్నాడు. చూస్తే దర్జీ వాళ్లమ్మాయి. పుట్టు చెవుడు, పెదాలు చూసి మాట పట్టేస్తుంది. ఎందుకు నవ్వావంటే వాళ్లన్నయ్య సైగలు చూసి చెప్పాడు: “మీరు చచ్చిపోతూ ‘త్వరగా కానీండర్రా, పెసరట్లు చల్లారిపోతాయి’ అన్నారంట!”

నిజంగానే అన్నాడే! గడ్డం జిగురు దురద, ఆకలి, పాపం ఏం చేస్తాడు?

తర్వాతి సినిమాలో, ఎవరికీ వినపడకపోయినా, ప్రతి మాటా నిజంగానే పలికాడు. రిలీజు రోజు తెర చూడలేదు, ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాడు. రాజు పోయాడు. ఆ అమ్మాయి ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే ఏడుపు. హాల్లో చిన్న దగ్గు కూడా లేదంట! ఓనరు ఆ వారమే ఇంకో ముగ్గురు రాజుల్ని ఇచ్చాడు. ముగ్గురూ ఓడిపోయినవాళ్లే అనుకో.

అప్పుడు నాన్న వాళ్లింటికెళ్లి, అందరి ముందూ ఆ అమ్మాయికెదురుగా నిలబడి, గొంతు బయటికి రాకుండా పెదాలతో ఏదో అన్నాడు. ఆమె సిగ్గుపడి లోపలికి పరిగెత్తింది. ఆమేనే మా అమ్మ! ఏమన్నాడమ్మా అని ఎన్నిసార్లు అడిగానో. నవ్వేది, చెప్పేది కాదు... నీకూ అలాంటివాడే దొరకాలే, బంగారం... చల్లగా ఉండు... ఇంకా తిరుగుతోందా ఆ రికార్డరు?