కటింగు బల్ల కాడ హేమ

ఏం పాపా, కాలేజీలో రాసుకురమ్మన్నారా? ఆడపిల్లలు సొంతంగా వ్యాపారం ఎందుకు పెట్టరు అనా? బాగుండాది. రాయదుర్గంలో ముప్పై ఏండ్లు జీన్సు ప్యాంట్లు కత్తిరించిన మీ తాతనే దొరికినానా ఆశ్రితా నీకు? సరే, విను. నీ మాదిరే ఒక పిల్ల ఉండె, హేమ అని. తొంభై ఏడులో అనుకుంటా. పొద్దున బీకాం చదువుకొని, మధ్యాన్నం మా ఫ్యాక్టరీకి దారాలు కత్తిరించేకి వస్తాండె. నీకంటే పొట్టి, నీకంటే చురుకు. మూతి ముడుస్తావేల, ఉన్న మాటే కదా. మా కాడ ఆడోళ్లకు దారాలు, గుండీలు. కటింగు బల్ల మగోళ్లది. ఆ రూలు ఎవురు పెట్టినారో గానీ నాకైతే సుఖంగా ఉండె. ఈ పిల్ల ఏం జేసిందంటే, నేను పారేసిన పేలికలన్నీ ఇంటికి మోసుకుపోయి, నేలన పరిచి, వాటి నడుమ ఏ ముక్క ఉండిందో పేపరు మీద గీసుకునింది. ఒకనాడొచ్చి, మాస్టరూ, ప్యాంటు కాళ్ల ముక్కల సందుల్లో జేబు ముక్కలు తిప్పి పెడితే ఇంకా గుడ్డ మిగుల్తాది కదా అనె. పో, పోయి దారాలు సూసుకో అంటి. అందరూ పోయినాక పెట్టి సూస్తి. మిగిలింది పాపా! ఓనరు మురిసిపోయి, ఇది ఎవురి బుర్ర లింగన్నా అంటే, నాదే సార్ అంటి.

ఆ ఏడే సొంతంగా కుట్టు మిషన్లు పెట్టుకుంటానని ఆ పిల్ల సర్కారు లోనుకు అర్జీ పెట్టె. వాళ్ల నాయన ఎర్రన్న, "ఆడపిల్లకు దుకాణమేందమ్మా, పెండ్లయితే పోయేదానివి" అని ఒకటే గొణుగుడు. వాళ్ల క్లాసు శ్రీకాంత్‌ కూడా పెట్టె. వాని కన్నంతా సర్కారు నౌకరీ మీదే, ఇంట్లోవాళ్లు తోస్తే పెట్టినాడు. ఇద్దర్లో ఒకరికే ఇస్తారు. లోను ఆఫీసరు మా ఫ్యాక్టరీకొచ్చి, హేమ ముందరే నన్నడిగె, ఈమెకు కటింగు వచ్చా అని.

"దారాలు కత్తిరించేది వచ్చు సార్" అంటి.

హేమ నా పక్క ఒకసారి సూసి, తల వంచుకొని పని చేసుకునె. లోను శ్రీకాంత్‌కొచ్చె. ఏడాది తిరక్కుండా మిషన్లమ్మి మోటారు సైకిలు కొనె వాడు.

అట్ల సూడొద్దు నన్ను. ఆమె ఊరకుండిందా? పెండ్లయి చిలమత్తూరు పోయి, పాత మిషన్లు రెండు పట్టుకొని, ఏడెనిమిదేండ్లకు ముప్పై మందిని పెట్టుకునింది. నేను ఈడ అదే బల్ల, అదే కత్తెర. హేమ జ్వరమొచ్చి చనిపోయిందని తెలిసి, వాళ్లింటోళ్లను పలకరించేకి పోతి. నిజం చెప్తా, వాళ్ల షెడ్డంతా తిరిగితి, యాడన్నా వంక దొరుకుతాదేమోనని. బల్ల కాడ ఒక ఆడపిల్ల, సందుల్లో జేబులు తిప్పి పరుస్తాండాది. ఎవురు నేర్పినారమ్మా అంటి.

"హేమక్క సార్. అక్కకు రాయదుర్గంలో లింగన్న మాస్టరు నేర్పించినాడంట, ఎప్పుడూ చెప్తాండె. ఆయన ఉండాడా సార్?"

పోయినాడు, అంటి.

ఆ ఫ్యాను కొంచెం జోరు పెంచు పాపా.