మేస్త్రీ విడగొట్టిన ప్రోగ్రాం

సంతకం పెట్టెయ్యమ్మా, అన్నాను, కాగితాలు చేత్తో పట్టుకుని టీ చల్లార్చుకుంటున్న ప్రోగ్రామరు అమ్మాయితో. నాలుగింటికి మీ ఆఫీసులో ఆ పాత ప్రోగ్రాం ఆపేస్తారు, అంతేగా! దాంట్లో ఇంకేముంది, పొట్టు. గింజలన్నీ ఏనాడో నేనే ఏరేశాను. ఎదురుగా ఉన్న ఆ బస్సుల ఆఫీసులో నన్నేమనేవారో ఈ టీకొట్టాయన్ని అడుగు.

"మేస్త్రీ అనేవారండి," అన్నాడతను గ్లాసులు కడుగుతూ.

విన్నావా! ఆ రోజుల్లో ఆఫీసు మొత్తానికి ఒకటే ప్రోగ్రాం. టికెట్లు, రూట్లు, డ్రైవర్ల సెలవులు, డీజిల్, అన్నీ ఒకే ముద్ద. ఎవడికి తొందరొస్తే వాడు ఒక అతుకు వేసి, రేపు సరిచేద్దాంలే అని వెళ్ళిపోయేవాడు. అలా పేరుకున్న బాకీ పనులకు అంతులేదు. సెలవుల లెక్క ముట్టుకుంటే టికెట్ మీద తేదీ మారేది! మా బావమరిది కట్టించిన ఇల్లూ అంతే, వంటింట్లో స్విచ్చి నొక్కితే మేడమీద లైటు వెలిగేది. సరే, వాడి సంగతెందుకు. నేను చేసింది చిన్న పనే. టికెట్ల ముక్కొకటి కోసి పక్కన పెట్టాను. అది తన కాళ్ళ మీద తను నిలబడింది.

"ఒక్కరేనా?" అంది అమ్మాయి.

ఒక్కణ్ణే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోసే చెయ్యి ఆగలేదు. ఒకటి కాస్తా నలభై అయింది, నలభై కాస్తా నాలుగు వేలు. భోజనానికి వెళ్ళొచ్చేసరికి, నన్ను చూసి నేర్చుకుని వాటంతటవే విడిపోతున్నాయి! ఒకదానికి పడిశం పడితే పక్కది దాని డ్యూటీ కూడా చేసేది.

"అబ్బ!" అన్నాడు పక్క బల్లమీది డ్రైవరు. బిస్కెట్ టీలోనే కరిగిపోయింది.

ఇంకా విను. ఆఖరికి పాత ప్రోగ్రాం నడిబొడ్డులోకి దిగాను. ఏమి లోకమమ్మా అది! అంతస్తు కింద అంతస్తు. ప్రతి అతుకు వెనకా ఎవడిదో ఒక కంగారు. ఎప్పుడో పోయినవాళ్ళు రాసిన లైన్లు ఇంకా నడుస్తున్నాయి, యజమాని లేని ఇంట్లో గడియారంలా. నిలబడి దణ్ణం పెట్టాను. పెట్టి, చివరి దారం లాగాను. ఊళ్ళో బస్సులన్నీ ఊపిరి బిగబట్టాయి. కాకులు గాల్లోనే ఆగాయి! అప్పుడు నాలుగు వేల ముక్కలూ ఒక్క గొంతుతో, "మేస్త్రీగారూ, ఇక మేం చూసుకుంటాం, మీరు ఇంటికెళ్ళండి" అన్నాయి.

డ్రైవరు పైకి చూశాడు, కాకుల కోసం కాబోలు.

"తాతగారూ," అంది అమ్మాయి మెల్లగా. "ముక్కలు నాలుగు వేలు కాదు, ఏడు. ఆ ఏడూ ఇవాళ తేదీ ఎంతని ఇప్పటికీ పాతదాన్నే అడుగుతున్నాయి. నేను సంతకం పెడితే, నాలుగు దాటాక ఏ బస్సుకీ టికెట్ రాదు. ఉద్యోగంలో చేరి నెలయింది నాకు."

"ఎవడే ఆ వెధవ పని చేసింది?" గర్జించాను.

కింది కాగితం తీసి నా ముందు పెట్టింది. ప్రోగ్రాం అచ్చు. తేదీ కోసం పాతదాన్ని అడిగే లైను పక్కన రాసి ఉంది: 'ఇది తాత్కాలికం. వచ్చే సోమవారం తీసేస్తాను. మేస్త్రీ.' తేదీ పందొమ్మిదేళ్ళ కిందటిది.

గొంతు సవరించుకున్నాను. "సోమవారం అన్నాను గానీ, ఏ సోమవారమో చెప్పానా?"

"ఇవాళ సోమవారమేనండీ," అంటూ టీకొట్టాయన నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. "ఇంకా రెండున్నరే అయింది. లేవండి."