ఎర్ర బండి, నీలం ఇంజను

హుస్నాబాద్‌లో పాత ట్రాక్టర్లు అమ్మేచోట, బానెట్ ఎత్తి చూడగానే కొనడానికొచ్చిన ముసలామెకు అనుమానం వచ్చింది.

“బండేమో ఎర్ర కంపెనీది. ఇంజను మీద నీలం కంపెనీ పేరెందుకున్నది, బిడ్డా?”

“గా రెండు కంపెనీలు ఒక్కటైనయి, అవ్వా. నీలం కంపెనోళ్లు ఎర్ర కంపెనీని కొన్నరు. అప్పటిసంది ఇంజన్ల మీద వాళ్ల పేరే ఏస్తున్నరు.”

“మరి ఇంజను మార్చిన్రేమో?”

“జర నమ్మవే అవ్వా! ఫికర్ చెయ్యకు. కంపెనీల బిగించిన ఇంజనే గిది.”

“ఎప్పుడు ఒక్కటైనయి?”

“రెండువేల పదిల.”

ఆమె ఆర్సీ కార్డును కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

“గీ బండి రెండువేల ఆరుల తయారైందని రాసున్నది గదా.”

అమ్మేవాడు బానెట్ దించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“లగ్గం కాకముందే పిల్లకు అత్తగారింటి పేరెట్లొచ్చింది, బిడ్డా?”