ఇంటర్వెల్ తర్వాత

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన ముందు ఒక కుర్రాడు కూర్చున్నాడు. బైకు మీంచి పడి విరిగిన మణికట్టును ఆయనకివ్వకుండా పొట్టకు అదుముకున్నాడు. ఎముకను లాగి సరిచేయాలనగానే అతని చూపు తలుపు మీదికి పోయింది.

“లాగితే నొప్పి ఉంటాదా పెద్దాయనా?”

“ఉంటాది. నీ చొక్కా మీద బొమ్మ డైరెక్టరు జీవరత్నందే కదప్పా?”

“అవును. ఆయన సినిమాలు సూస్తారా మీరు?”

“సూడకేం. ‘చింతతోపు కేసు’ను మించింది ఆయన తీయలా.”

“ఏం మాటలు సామీ అవి? ‘సున్నపుబట్టీ’ ముందర అదెంత?”

“అది ఇంటర్వెల్ దాకా బాగుండాది. చేయి ఇట్లియ్యి. ఆ తర్వాత నిద్ర వస్తాది.”

“నిద్రా? అసలు సినిమా ఉండేదే ఆడ. ముసలాయన మాట్లాడకుండా బట్టీలో మంటను సూస్తా కూర్చుంటాడే, ఆ సీను...”

“మంటకు టికెట్టెందుకప్పా? మా ఇంట్లో పొయ్యుండాది.”

“పొయ్యికీ దానికీ పోలికా? అసలు మీకు సినిమా అంటే...”

మణికట్టు టక్కుమంది. కుర్రాడి కేక వీధి దాకా పోయింది.

“అయిపాయలే” అంటూ పెద్దాయన పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు బిగించాడు.

“నిజంగా సూసినారా ఆ సినిమాలు?”

“ఒక్కటీ సూడలా. పేర్లన్నీ నీ చొక్కా వెనకాలే అచ్చేసి ఉండాయి, నువ్వు చెప్పులిడిచేటప్పుడు సూసినా.”

“మరి ఇంటర్వెల్ తర్వాత బాగలేదని ఎట్లా చెప్పినారు?”

“ఏ సినిమాకైనా అదే చెప్తా. రోషమొస్తే మనిషి చేతిని మరిచిపోతాడు.”

కుర్రాడు కట్టును కాసేపు చూసుకున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని తేల్చుకుని గొంతు తగ్గించాడు.

“నిద్ర మాత్రం కొంచెం వస్తాది పెద్దాయనా.”